అరువు గొంతు డాక్టరు

ఆ ఉదయం అనౌన్సరు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్టూడియోలో మైకు ముందు కూర్చునేదాకా నోరు విప్పకూడదు, అంతే. కొత్త బస్టాండుకి కావలసిన ప్రకటనలన్నీ ఆ రోజే రికార్డు చెయ్యాలి. పాత బస్టాండులోనూ, లిఫ్టుల్లోనూ, టోకెన్లు పిలిచే కౌంటర్ల దగ్గరా "దయచేసి గమనించగలరు" అని వినిపించేది ఆయన గొంతే. ఆ గొంతు వింటే తోసుకునేవాళ్లు కూడా సర్దుకుని నిలబడతారని పేరు. అంత విలువైన సరుకు కాబట్టి ఆయన దాన్ని ఇంట్లో ఖర్చు పెట్టడు. ఇంట్లో వినిపించేదల్లా "టవలెక్కడ?", "నా కళ్లజోడు చూశావా?" అనే గొణుగుడు మాత్రమే. పెళ్లయిన నాటి నుంచి ఆయన భార్య ఎరిగిన మొగుడి గొంతు అదే.

ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. బీపీ ఉంది. పోయినేడు స్కూలు మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మాత్ర, గ్లాసుడు నీళ్లు ఆవిడ ముందు పెట్టడం అనౌన్సరు తనమీద వేసుకున్న పని. ఆ రోజు కూడా పెట్టాడు. ఆవిడ గ్లాసులో నీళ్లు తాగి, మాత్రని వేలితో ఆయన వైపు జరిపింది.

"ఇంక దొంగచాటుగా ఎందుకు, చెప్పేస్తా. మానేశాను."

అనౌన్సరు కనుబొమలు ఎగరేశాడు. రెండు చేతులూ చాపి ఏమిటన్నట్టు తిప్పాడు.

"ఏంటండీ ఆ మూగసైగలు? మాత్రలు మానేశానంటున్నా. మీరిచ్చినవన్నీ గులాబీ కుండీలో వేస్తున్నా."

బాల్కనీలో గులాబీ మొక్క ఈమధ్య ఎందుకు తల వేలాడేసిందో అనౌన్సరుకి అప్పుడు అర్థమైంది. నోరు విప్పకూడదన్న పథకం అక్కడికక్కడే గాలికి పోయింది.

"ఎవరు మానమన్నారు?"

"డాక్టరుగారు."

"మన వీధి డాక్టరమ్మా?"

"ఆవిడ కాదు. ఆవిడకేం తెలుసు పాపం, చదువుకున్నదే చెబుతుంది. ఈయన నిజం చెప్తాడు."

"ఆయన పేరే 'నిజం చెప్పే డాక్టరు' అల్లుడుగారూ," సోఫాలోంచి అత్తగారు అందుకుంది. "ఫోన్లో వస్తాడు. ఎంత నిదానం, ఎంత మర్యాద! మనల్ని కూర్చోబెట్టి చెబుతున్నట్టే ఉంటుంది."

లెక్కల టీచరు ఫోను తెరిచి బల్ల మీద నిలబెట్టింది. తెరమీద నెరిసిన జుట్టు, తెల్లకోటు, దయగల కళ్లు. ఆయన చిరునవ్వు నవ్వాడు. "అమ్మా, ఆస్పత్రులు మీ దగ్గర దాచిపెట్టిన రహస్యం ఇవాళ చెబుతాను. బీపీ మాత్రలే కాదు, ఏ మాత్రలూ మీకు అక్కర్లేదు. రెండు చెవులూ పట్టుకుని వెనక్కి నడవండి. రోజుకు... మూడు... సార్లు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి."

"విన్నారా?" అంది ఆవిడ. "నేనూ ఊరికే నమ్మలేదు, లెక్క వేసి చూశా. రోజంతా ముందుకే నడుస్తాం, అది ప్లస్. బీపీ పెరిగింది. వెనక్కి నడిస్తే మైనస్. తగ్గాలి కదా? ఏడో తరగతి పిల్లాడిక్కూడా తెలుస్తుంది."

అనౌన్సరు ఆ లెక్క వినలేదు. ఆయన చెవులు ఆ "మూడు" దగ్గరే ఆగిపోయాయి. ప్రకటనల పనిలో ఒక పద్ధతుంది. వాక్యం ఒకసారి చదువుతారు, అంకెలన్నీ విడివిడిగా చదువుతారు, తర్వాత కావలసిన అంకెని కావలసిన చోట అతికిస్తారు. అందుకే "బస్సు నెంబరు" తర్వాత చిన్న ఖాళీ, అంకె తర్వాత ఇంకో చిన్న ఖాళీ వస్తాయి. లోకంలో ఏ డాక్టరూ మూడుకి అటూ ఇటూ అంత మర్యాదగా ఆగడు. బస్టాండు ఆగుతుంది. ఆయన మళ్లీ విన్నాడు.

"ఇది నా గొంతు!"

"ఏది?"

"ఇదే! ఈ డాక్టరు గొంతు నాది! ఎవడో బస్టాండులో ఫోను పట్టుకుని నిలబడి ఉంటాడు. నా మాటలు మిషన్లో వేసి ఇష్టమొచ్చింది పలికిస్తున్నాడు. ఈ మనిషే లేడు. బొమ్మ కూడా మిషన్ గీసిందే!"

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమండీ," అంది లెక్కల టీచరు కాస్త జాలిగా, "ఆయన 'అమ్మా' అన్నాడు. మీరెప్పుడైనా నన్ను అంత మెత్తగా పిలిచారా?"

"అసూయ మంచిది కాదు అల్లుడుగారూ," అంది అత్తగారు.

అనౌన్సరుకి పౌరుషం వచ్చింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి తన అసలు సరుకు బయటికి తీశాడు. "అమ్మా, ఆస్పత్రులు మీ దగ్గర దాచిపెట్టిన రహస్యం ఇవాళ చెబుతాను." గదిలో గ్లాసులు కూడా బుద్ధిగా విన్నట్టు అనిపించింది. అత్తగారు సంబరంగా చప్పట్లు కొట్టింది.

"అచ్చు గుద్దినట్టు దించారే! మిమిక్రీ ఎప్పుడు నేర్చుకున్నారు?"

గొంతుతో పని కాలేదు కాబట్టి ఆయన కళ్లకి పని చెప్పాడు. వీడియో ఆపి డాక్టరు చేతిని పెద్దది చేసి చూపించాడు. "లెక్కల టీచరువి కదా, వేళ్లు లెక్కపెట్టు."

ఆవిడ లెక్కపెట్టింది. "ఆరు."

"చూశావా మరి!"

"ఆరు వేళ్లుంటే డాక్టరు కాకూడదని రూలుందా?"

"మా పెదనాన్నకీ ఆరు వేళ్లే," అంది అత్తగారు. "ఆయన హస్తవాసి ఎంత గొప్పదనుకున్నారు!"

"ఏం వైద్యం చేసేవారు?"

"వైద్యం కాదు, గడియారాలు బాగుచేసేవాడు."

మెడలో స్టెతస్కోపు ఒకవైపు చెవిలోకి, రెండోవైపు కాలరులోకి వెళ్లి మాయమైందని చూపించాడు. అది కొత్త మోడలన్నారు. వెనక గోడమీద బోర్డులో అక్షరాలు ఏ భాషవీ కావన్నాడు. విదేశాల్లో చదువుకుని ఉంటాడన్నారు. మనిషి రెప్ప వెయ్యడం లేదన్నాడు. అంత శ్రద్ధ అన్నారు. చివరికి ఏ ఆస్పత్రిలో పనిచేస్తాడో అదైనా చెప్పమన్నాడు.

"రహస్యం దాచేది ఆస్పత్రులే అంటుంటే, ఆయన వెళ్లి ఆస్పత్రిలో ఎలా పనిచేస్తాడండీ?" అంది లెక్కల టీచరు. ఈ తర్కంలో ఎక్కడ చెయ్యి పెట్టాలో అనౌన్సరుకి తెలియలేదు. తల పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు. ఒక్క పదం కూడా తేడా లేకుండా మొత్తం పలికి చూపిస్తే నమ్మక చస్తారా అనుకున్నాడు. ఊపిరి పీల్చుకుని, బస్టాండు చివరి ప్లాట్‌ఫారం దాకా వినబడే స్థాయిలో, "రెండు చెవులూ పట్టుకుని వెనక్కి నడవండి!" అని మొదలుపెట్టాడు.

అది పొరపాటు. సరిగ్గా ఆ సమయానికి పై అంతస్తు బాల్కనీలో రిటైర్డు జడ్జిగారు రెండు చెవులూ పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు.

"డాక్టరుగారు! మన బిల్డింగులో!" అని కేకేసి జడ్జిగారు బయల్దేరారు. మధ్యలో ఆపకూడదు కాబట్టి మెట్లు కూడా వెనక్కే దిగుతున్నారు. కింది అంతస్తులో బ్యూటీ పార్లరు నడిపే ఆవిడ అదే కేక విని, జుట్టుకి రంగు కలుపుతున్న గిన్నె చంకలో పెట్టుకుని పైకి బయల్దేరింది. ఆవిడా ఆ డాక్టరు భక్తురాలే. ఆవిడా వెనక్కే ఎక్కుతోంది. మెట్ల మలుపులో రెండు వీపులు ఢీకొన్నాయి. గిన్నె గాల్లోకి లేచి, జడ్జిగారి తెల్లటి తలకి సరిగ్గా సగం దాకా న్యాయం చేసింది.

తలుపు తీసేసరికి అనౌన్సరు ముందు జడ్జిగారు నిలబడి ఉన్నారు. ఎడమవైపు నుంచి చూస్తే ముప్ఫై ఏళ్లవాడిలా, కుడివైపు నుంచి చూస్తే అసలు వయసువాడిలా ఉన్నారు.

"డాక్టరుగారు మీ ఇంట్లో దిగారట?"

"ఎవరూ దిగలేదండీ. ఆ గొంతు నాది."

జడ్జిగారు చేతులు జోడించారు. "మీరా! ఇన్నాళ్లూ బస్సులు పిలుస్తూ మామూలు మనిషిలా మా మధ్యే తిరుగుతున్నారా!"

"నేను డాక్టర్ని కాదండీ బాబూ!"

"విన్నారా?" అంది పార్లరావిడ కళ్లు తుడుచుకుంటూ. "గొప్పవాళ్లు ఇలాగే అంటారు."

మాట బిల్డింగంతా పాకడానికి ఆట్టే సేపు పట్టలేదు. పై వాళ్లు, కింది వాళ్లు, పక్కింటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కూడా ఊడిపడ్డారు. ఒకాయన మోకాలు చూపిస్తాడు, ఒకావిడ నాలుక చాపుతుంది. తోపులాట మొదలైంది. అనౌన్సరు నోటి నుంచి అలవాటు కొద్దీ, "దయచేసి అందరూ ఒకే వరుసలో నిలబడండి" అన్న మాట దొర్లింది. అంతే, గీత గీసినట్టు క్యూ కట్టేశారు. క్యూ లిఫ్టు దాకా వెళ్లింది. లిఫ్టు వచ్చి ఆగి, "తలుపులు తెరుచుకుంటున్నాయి" అంది. క్యూ చివర నిలబడ్డ ముసలాయన లిఫ్టుకి దణ్ణం పెట్టాడు.

"డాక్టరుగారు ఇందులో కూడా ఉన్నారు!"

"మీ మందులు మానకండి!" అనౌన్సరు కేకలు పెట్టాడు. "మిమ్మల్ని చూసే డాక్టరు ఎవరో వాళ్ల దగ్గరికి వెళ్లండి! ఆ వీడియో మోసం!"

"పరీక్ష పెడుతున్నారు," జడ్జిగారు వెనకవాళ్లకి వివరించారు. "మన నమ్మకం ఎంత గట్టిదో చూస్తున్నారు. ఎవరూ కదలకండి."

ఆయన ఎంత అరిస్తే క్యూ అంత గట్టిపడింది. స్టూడియో నుంచి ఫోను మోగి మోగి ఊరుకుంది. అప్పుడు వెనక నుంచి లెక్కల టీచరు గొంతు వినిపించింది. ఇందాకటి నుంచి ఆవిడ గుమ్మంలో నిలబడి, క్యూనీ మొగుడినీ ఫోనునీ మార్చి మార్చి చూస్తోంది. లెక్క తేలింది. అగ్గిమీద గుగ్గిలమైంది.

"అయితే అది మీరేనన్నమాట."

"అవును! అదే కదా పొద్దున్నుంచి మొత్తుకుంటున్నా!"

"ఎదురుగా కూర్చుని మాత్ర వేసుకో అంటారు. ఫోనులోకి దూరి మానెయ్ అంటారు!"

"అవును... కాదు! గొంతు నాది, మాట నాది కాదు!"

"నా జన్మకి మొదటిసారి మీ మాట విన్నాను. వినక వినక విన్న మాట అది!"

దీంతో జడ్జిగారిలో భక్తుడు పక్కకి తప్పుకుని, పాత ఉద్యోగం లేచి కూర్చుంది. "ఒక్క నిమిషం. అంటే మీరు నిజంగా డాక్టరు కాదా?"

"కాదని వందసార్లు చెప్పాను!"

"అర్హత లేకుండా వైద్యం! మీ నోటితోనే ఒప్పుకున్నారు, సాక్షులున్నారు! నేను షుగరు మాత్రలు మానేశానయ్యా!"

"నా థైరాయిడ్ మాత్రలు!" అంది పార్లరావిడ. క్యూ మొత్తం ఒక్కసారిగా గొల్లుమంది. రోగులుగా వచ్చినవాళ్లందరూ ఫిర్యాదుదారులైపోయారు, అయితే ఎవరి స్థానం వాళ్లు వదులుకోలేదు. అనౌన్సరు అందరికీ విడివిడిగా జవాబు చెప్పబోయాడు. మిషన్ అన్నాడు, నకిలీ అన్నాడు, ఆరు వేళ్లన్నాడు. పొద్దుటి నుంచి వంచిన నడుం ఎత్తకుండా పనిచేసిన ఆ గొంతు అక్కడ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది.

అదే సమయానికి లెక్కల టీచరు గోడ పట్టుకుంది.

"అమ్మా, తల తిరుగుతోందే."

అత్తగారు ఒక్క ఉదుటున లేచి ఫోను అందుకుంది, వీడియో కోసం కాదు, వీధి డాక్టరమ్మ కోసం. అనౌన్సరు మనుషుల్ని తోసుకుంటూ వెళ్లి భార్యని కుర్చీలో కూర్చోబెట్టాడు. బల్ల మీద పొద్దుటి మాత్ర అలాగే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బస్టాండుల్ని శాసించిన గొంతు కోసం వెతుక్కున్నాడు. అది లేదు. తుప్పు పట్టిన గేటు కదిలినట్టు ఏదో శబ్దం మాత్రం వచ్చింది.

"నాకు భయమేస్తోందే. ఆ రోజు స్కూలు మెట్ల మీద నిన్ను చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇప్పుడూ రావట్లేదు. వాడి మాటా వద్దు, నా మాటా వద్దు. డాక్టరమ్మ చెప్పింది చెయ్యి. నువ్వు లేకపోతే నేను ఉండలేను. అంతే. ఇంకేం చెప్పాలో నాకు తెలీదు."

లెక్కల టీచరు ఆయన మొహంలోకి చూసింది.

"ఇది మీ గొంతే," అంది మెల్లిగా. "ఆ డాక్టరు నాకోసం ఒక్కసారి కూడా భయపడలేదు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాపి మాత్ర అడిగింది.

డాక్టరమ్మ పరుగున వచ్చి, ముందు ఆవిడకి బీపీ చూసి, పెదవి విరిచింది. "బాగా పెరిగింది. ఇవాళ్టి మాత్ర ఒక్కటే వేసుకోండి, మానేసినవన్నీ కలిపి మింగెయ్యకండి. ఓ గంట ఇక్కడే పడుకోండి, నేనుండి మళ్లీ చూస్తా." లెక్కల టీచరు మాత్ర మింగింది.

డాక్టరమ్మ కారిడారులోకి చూసింది. "వీళ్లంతా ఎవరు?"

"మందులు మానేసినవాళ్లు," అంది అత్తగారు. తన చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వెళ్లి తనూ క్యూలో నిలబడింది. "కీళ్ల మాత్రలు," అని గొణిగింది అల్లుడి వైపు చూడకుండా.

"క్యూ బాగా కట్టారు," అంది డాక్టరమ్మ, బీపీ మిషను పట్టీ విప్పుతూ. "మా క్లినిక్కులో ఎప్పుడూ ఇలా నిలబడరు." వరసగా అందర్నీ చూసింది. ఎవరేం మానేశారో అడిగి, కొందరిని రక్తపరీక్షకి రమ్మంది, జడ్జిగారిని ఆ పూటే రమ్మంది. ఆయన ఇంకా కేసు సంగతి ఎత్తబోతే ఆగమంది.

"ఒక్కటి చెప్పండి సార్. మీ కోర్టులో సాక్షి ఊరూ పేరూ చెప్పకపోతే నమ్ముతారా?"

"ఛ, ఎలా నమ్ముతాం?"

"మరి ఆ డాక్టరు పేరేంటి? ఎక్కడ చదివాడు? మీరు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్తాడా? నేను మీకు మందు మార్చాలంటే ముందు మీ వయసు, మీ షుగరు, మీరు వేసుకునే మిగతా మాత్రలు, అన్నీ అడగాలి. ఆయన ఒక్కరినీ చూడకుండా ఊరందరికీ ఒకే మందు ఎలా చెప్పాడు?"

"సాక్ష్యం చెల్లదు," అన్నారు జడ్జిగారు నీరసంగా, తెల్లగా మిగిలిన వైపు తల నిమురుకుంటూ.

అందరూ అయ్యాక డాక్టరమ్మ అనౌన్సరు గొంతులోకి టార్చి వేసి చూసింది. "పూర్తిగా వాచిపోయింది. వారం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గొణగడం కూడా వద్దు." స్టూడియోవాళ్లకి లెక్కల టీచరే పడుకున్నచోటి నుంచి ఫోను చేసి, రికార్డింగు వాయిదా వేయించింది. ఆయన పాత రికార్డింగులు మిషన్లో వేసి కానిచ్చేస్తామని వాళ్లు అన్నారట. అలాంటి పని చేస్తే పై అంతస్తు జడ్జిగారు కేసు వెతుక్కుంటున్నారని చెప్పిందట.

అక్కడితో అయిపోవలసింది. కానీ పార్లరావిడది ఉత్సాహం గల ప్రాణం. జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి, ఆ వీడియో కింద కామెంటుగా పెట్టింది. మర్నాడు సాయంత్రానికి నిజం చెప్పే డాక్టరు కొత్త వీడియోతో ప్రత్యక్షమయ్యాడు. అదే తెల్లకోటు, అదే చిరునవ్వు.

"అమ్మా, జాగ్రత్త. నా గొంతును అనుకరిస్తూ ఒక అనౌన్సరు తిరుగుతున్నాడు. అతను నకిలీ. అతని మాట నమ్మి మళ్లీ మందులు మొదలుపెట్టకండి."

ఇల్లంతా ఫోను చుట్టూ చేరింది. జడ్జిగారు కూడా దిగారు, ఈసారి ముందుకు నడిచి. రెండోవైపు జుట్టు కూడా నల్లగా వేయించుకున్నట్టున్నారు. అనౌన్సరు ఆవేశంతో లేచి నిలబడి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ ఫోనులో తన గొంతు తననే దొంగ అంటుంటే, దానికి జవాబు చెప్పడానికి ఆయన దగ్గర గొంతు లేదు. చేతులు గాల్లో ఊపాడు. కళ్లతో భార్యని బతిమాలాడు.

లెక్కల టీచరు కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి జరిగింది. డాక్టరు చేతిని పెద్దది చేసి వేళ్లు లెక్కపెట్టింది.

"ఇవాళ ఏడు," అంది.

వీడియో తప్పుడుదని ముందు ఆ వీడియోలు నడిపే కంపెనీకి ఫిర్యాదు నొక్కింది. తర్వాత పరీక్ష పేపరు దిద్దే మొహం పెట్టి, ఆ డాక్టరు అన్న ప్రతి మాట కిందా అది ఎందుకు తప్పో రాయడం మొదలుపెట్టింది. రాస్తుంటే ఆవిడ మొహం విచ్చుకుంది, బీపీ కూడా తగ్గినట్టే కనిపించింది. అనౌన్సరు ఆ గొంతుని పల్లెత్తు మాట అనలేకపోయినా ఫర్వాలేదు. దానికి ఎదురు చెప్పడం పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ చేస్తున్న పనే.